పెద్దేగి, తపసి, మద్ది చెట్లు మన గట్ల మీద పెంచుదామనుకుంటున్నం, తెల్సినోళ్లు జర చెప్పండి

బల్మూరు_బిడ్డ
అందరికీ నమస్తే. మాది అచ్చంపేట పక్కకే, బల్మూరు మండలం. మా ఊర్ల పొదుపు సంఘం ఉన్నది, పదకొండు మందిమి. పోయిన ఎండకాలం మా వాగు కాడ జరిగింది చెప్తే ఈ ఆలోచన ఎందుకొచ్చిందో మీకే అర్థమైతది. ఒగ బేరగాడు ఆటో ఏస్కొని వచ్చి తెల్లమద్ది బెరడు కిలోల లెక్క కొంట అన్నడు, గుండెకాయ మందుల కంపెనీలకు పోతదట. అంతే, వాగు ఒడ్డున ఏడు మద్దిచెట్లు ఉంటే ఏడిటికీ మేకకు తోలు తీసినట్టు చుట్టూత ఒలిచిండ్రు. వానకాలం దాటేసరికి అయిదు చెట్లు నిలువునా ఎండినయి. ఒలిచింది పరాయోళ్లు కాదు, మా సంఘంల ఇద్దరి ఇంటోళ్లే. చేతికొచ్చింది మనిషికి మూడొందలు. ఆ చెట్లు మా తాత పుట్టకముందు నుంచి ఉన్నయి, ఎండకాలం చెలిమె తీస్తే నీళ్లు ఊరేది ఆ నీడలనే.

మా నాయిన ఇంకో మాట అంటడు, గుట్ట మీద ఒకప్పుడు పెద్దేగి, అదే ఏగి చెట్టు, మస్తుగ ఉండేదట, గొడ్డలి పెడితే ఎర్రగ నెత్తురు లెక్క కారేదట. నేను బడికి పోయేటప్పుడు రెండు చెట్లు చూసిన, ఇప్పుడు ఒక్కటి గూడ లేదు. షుగర్ ఉన్నోళ్లు నీళ్లు పోస్కొని తాగెటందుకు కట్టె గ్లాసులు చేస్తరు గదా, ఆ కట్టెకే పోయినయి.

ఇగ సంఘంల కూసొని మాట్లాడుకున్నం, మందుకు పనికొచ్చే చెట్లు అడవిల అయిపోతుంటె మనమే పెంచొచ్చు గదా అని. మా అందరి గట్లు కలిపితే మంచిగనే జాగ ఉన్నది, గుట్ట కింద పంచాయితీ జాగ కూడ ఉన్నది. ఏ చెట్లు పెట్టాలె, విత్తనం యాడ దొరుకుతది, రేపు కోసుకునేటప్పుడు ఫారెస్టోళ్లు పట్టుకోకుండ ఏం కాయితాలు ఉండాలె, కొనేటోళ్లు ఎవరు? అనుభవం ఉన్నోళ్లు చెప్పండి, మేము నిజంగ చేయాలనుకుంటున్నం.

గద్వాల_చేను
అక్కా, కష్టపడేదేదో శ్రీగంధానికి పడండి. ఏగి, తపసి పెడితే మీ మనుమలు గూడ పైసలు చూడరు. మా దిక్కు చానామంది శ్రీగంధం పెట్టిండ్రు, 15 ఏండ్లకు ఎకరానికి కోట్లు అంటున్నరు.

దేవరకొండ_బత్తాయి
అన్నా, ఆ కోట్ల మాట నేను గూడ విన్న. బత్తాయి తోట ఎండిపోయినంక 2 ఎకరాలల్ల శ్రీగంధం పెట్టిన. ఒగ ప్రైవేటు నర్సరీ వాళ్లు ఊరికొచ్చి మీటింగు పెట్టి, మొక్కలు మేమే ఇస్తం, కట్టె మేమే కొంటం అని చెప్పి స్టాంప్ పేపరు మీద రాసి ఇచ్చిండ్రు. మొక్కకు బయట ఉన్న రేటుకు మూడింతలు తీస్కున్నరు. శ్రీగంధం ఒక్కతే బతకదు, దాని వేరు పక్క చెట్టు వేరును పట్టుకొని తాగి బతుకుతది, ఆ ముక్క ఒక్కరు కూడ చెప్పలె. నేను చేను శుభ్రంగ ఉండాలని చుట్టు గడ్డిపోచ లేకుంట దున్నిచ్చిన. రెండో ఏడు సగం మొక్కలు పసుపు పచ్చగయి పోయినయి. ఎవర్నడిగినా ఆన్సర్ లేదు, వాళ్ల ఫోను స్విచ్చాఫ్. ఆఖరికి రాజేంద్రనగర్ల ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనా స్థానం ఉన్నది, ఆడికి పోతే సార్లు చెప్పిండ్రు, మొదాలు మొక్క పక్కన కంది పెట్టుకో, తర్వాత దూరంగ కానుగో సరుగుడో నాటుకో అని. ఆ కందే నా మిగిలిన మొక్కలను బతికిచ్చింది, కంది పప్పు గూడ ఇంట్లకు వచ్చింది.

ఇంకోటి, చేవ పడేదే ఏండ్లకు, చేవ పడ్డంక దొంగలు రాత్రి రంపం ఏస్కొని వస్తరు. కావలి ఉండే మనిషికి ఎంత ఇస్తరో ఆ కోట్ల లెక్కల రాయరు. శ్రీగంధం చెడ్డదనను, అది గూడ అడవుల కరువైన చెట్టే, గట్టు మీద పది పెట్టుకోండి. అప్పు చేసి చేనంత మాత్రం పెట్టకండి అక్కా. ఎర్రచందనం సంగతి గూడ అంతే, అది శేషాచలం, కడప, నెల్లూరు దిక్కు చెట్టు. మీకు నల్లమల పక్కనే ఉన్నది, ఆ అడవిల ఏముంటే అదే మీ మట్టికి సెట్ అయితది.

అడవిబాట
దేవరకొండ తమ్ముడు చెప్పింది నూటికి నూరు నిజం. నేను ఫారెస్టుల చేసి రిటైర్ అయిన, మన్ననూరు, దోమలపెంట దిక్కే ఎక్కువ చేసిన. విత్తనం సంగతి నేను చెప్త బిడ్డా, ఓపికగ చదువు.

మొదాలు తాని పెట్టుకోండి. తానికాయలు రాలినయి ఏరుకొచ్చి పైన గుజ్జు తీసి ఒక రోజు నీళ్లల్ల నానబెట్టి ఏస్తే మంచిగ మొలుస్తది, మీకు ధైర్యం వస్తది. కరక్కాయ అంత తొందరగ మాట వినదు, గింజ రాయి లెక్క ఉంటది, వెడల్పు దిక్కు కొన జర కొట్టేసి రెండు రోజులు నానబెట్టాలె, అయినా అన్ని రావు. ఉసిరి కాయలు ఎండకు ఏస్తే పగిలి గింజలు అవే బయటపడ్తయి. తాని, కరక, ఉసిరి మూడు ఉంటే త్రిఫల మీ గట్టు మీదనే ఉన్నట్టు. తొందరగ పైస కావాలంటే ఉసిరి అంటుమొక్క పెట్టుకోండి, నాలుగైదేండ్లకు కాపుకు వస్తది.

పెద్దేగి కాయ రూపాయి బిళ్ల లెక్క గుండ్రంగ చుట్టు రెక్క ఉంటది. సంక్రాంతి దాటినంక చెట్టు మీద ఎండుతది. రెక్క కత్తిరిచ్చి పేడ నీళ్లల్ల మూడు రోజులు నానబెట్టి ఏసినా వందకు ముప్పయి వస్తే సంతోషపడాలె. అందుకే నర్సరీలోళ్లు దాని జోలికి పోరు, మొలిచేదే పెంచుతరు, కానుగ పెంచుతరు. అట్ల అడవిల పోయిన చెట్టు నర్సరీల గూడ లేకుంట పోతది. మీరు 50 మొక్కలు కావాలంటే 200 కాయలు ఏసుకోండి. ఒక్క చెట్టు కింద ఏరొద్దు, దూరం దూరం ఉన్న పది పదిహేను చెట్ల కింద కలిపి ఏరండి. ఒక్క తల్లి పిల్లలే అయితే రేపు ఒగ రోగం వస్తే అన్ని ఒక్కసారే పోతయి.

అందుగు కాయలల్ల గట్టి గింజ చాన తక్కువ, దాన్ని కొమ్మతోనే పెట్టాలె, చేతి మణికట్టు లావు కొమ్మ వానలకు ముందర కోసి నాటితే చిగురు పెడ్తది.

పంచాయితీ నర్సరీ ప్రతి ఊర్ల ఉన్నది గదా, సర్పంచిని అడిగి దాంట్ల ఒక మూల మీ కవర్లు పెట్టుకోండి. 2018 పంచాయతీరాజ్ చట్టంల నాటిన మొక్కలల్ల 85 శాతం బతకాలె అని రాసి ఉన్నది, మీ అసొంటి సంఘం బాధ్యత తీస్కుంటనంటే ఆయనకు గూడ మేలే. గుంతలు తీసుడు ఉపాధి హామీ పనిల పెట్టిచ్చుకోవచ్చు.

బల్మూరు_బిడ్డ
అన్నా మీకు వెయ్యి దండాలు. ఈ వారమే తానికాయల కోసం పోతం. దేవరకొండ తమ్మి, నీ సంగతి చదివి మా సంఘంల ఒగ అక్క శ్రీగంధానికి లోన్ తీస్కుంటనన్నది ఆగిపోయింది. తపసి గురించి ఎవరన్న చెప్తరా? మా ఊర్ల దాని బంక తీసుడు ఎవరికీ రాదు.

పెంట_పిలగాడు
అక్క, మేము చెంచులం, మా పెంట, అంటే మా గూడెం, అమ్రాబాద్ అడవి లోపలికి ఉన్నది. తపసి బంక మా తాతల కాడి నుంచి తీస్తున్నం. ఎండకాలం ఆకంత రాలినంక బండల మీద తెల్లగ మెరుస్తది చూడు, అదే తపసి. రాత్రి నెల వెలుతురుకు దూరం నుంచి గూడ కనవడ్తది.

మా తాత నరికేటప్పుడు చిన్న గాటు పెట్టి బంక ఆరినంక తీసి ఆ చెట్టును కొన్నేండ్లు ఇడిసిపెట్టేటోడు. నడుమ షావుకార్లు వచ్చిండ్రు, ముందర బియ్యం, ఉప్పు, కారం అప్పు ఇచ్చుడు, తర్వాత బంక తీస్కరా అనుడు. అప్పు తీరాలె గదా, ఇగ గొడ్డలితోని లోతుగ నరికిరి, ఒక్క చెట్టుకు పది గాట్లు పెట్టిరి. గాటు లోపల కట్టె దాక పోతే పురుగు పడ్తది, గాలికి ఇరిగి పడ్తది. మేము చిన్నగున్నప్పుడు ఒక మనిషికి ఒక దినంల దొరికే బంక ఇప్పుడు రెండు దినాలు తిరిగినా దొరకదు. చెంచులే చెట్లు సంపిండ్రు అని అంటరు, అప్పు ఎవరు వెట్టిండ్రో మాత్రం అడగరు. మాకు ఆ మాట చాన బాధ అయితది.

తర్వాత విశాఖపట్నం దిక్కు కోవెల్ ఫౌండేషన్ అని ఉన్నది, వాళ్లు జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థతోని కలిసి మంచి పద్ధతి నేర్పిండ్రు, చిన్న కత్తితోని బెరడు వరకే చెక్కుడు, బంక నేల మీద పడకుంట తీసుడు, బెరడు ముక్కలు ఏరేసి తెల్లది వేరే నల్లది వేరే చేసుడు. తెల్లబంకకు రేటు ఎక్కువ, అంటే తక్కువ గాట్లకే పైసలు వస్తయి. ఆ గాటు మానిపోతది గూడ.

విత్తనం చెప్త. కాయ అయిదు రెక్కల చుక్క లెక్క ఉంటది, ఎర్రగ, మీద నూగు ఉంటది, చెయ్యికి గుచ్చుకుంటే రెండు దినాలు దురద. గుడ్డ చుట్టుకొని తీయాలె. లోపలి గింజలు మేము ఏంచుకొని తింటం. కొత్త గింజ మంచిగ మొలుస్తది, పాతది మొలవదు. కవర్ల పెట్టకండి, దాని వేరు గడ్డ లెక్క లోపలికి దిగుతది, కవర్ల మెలి తిరుగుతది. మొదటి వాన పడంగనే బండల సందుల, గుట్ట మీద సక్కగ విత్తండి. మీ పంచాయితీ జాగ బండలదే అయితే దాన్ని మించిన చెట్టు లేదు, అక్కడ వేరేది బతకదు.

చిల్లగింజ, ముష్టి గూడ పెట్టండి. చిల్లగింజ రుద్దితే బురద నీళ్లు తేటగ అయితయి, మేము ఇప్పటికీ వాగు నీళ్లకు వాడుతం. ముష్టి విషం, పిల్లలకు దూరంగ పెట్టాలె, మేక గూడ ముట్టదు.

పాలమూరు_బాటనీ
నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. పెంట తమ్ముడు చెప్పినట్టు తప్పంతా అడవిలో బతికేవాళ్ల మీద వేసేయడం చాలా అన్యాయం. ఇదే కథ ఆఫ్రికాలో కూడా జరిగింది. ప్రూనస్ ఆఫ్రికానా అనే కొండ చెట్టు ఉంది, దాని బెరడు పెద్ద వయసు మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ వాపు మందులకు యూరప్ వాళ్లు కొంటారు. కామెరూన్, మడగాస్కర్ కొండల్లో చెట్లు నరికి మరీ ఒలిచారు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ అనే దేశాల మధ్య ఒప్పందం కింద నియంత్రణ పెట్టారు, 2007లో యూరప్ కామెరూన్ బెరడు కొనడమే ఆపేసింది. దెబ్బ తగిలింది ఎవరికి, కొండ మీద ఊళ్లవాళ్లకు. అక్కడ చిన్న రైతులు తమ పొలాల్లో ఆ చెట్టు నాటుకున్నారు, మీరు అనుకుంటున్నది సరిగ్గా అదే. కాబట్టి నాటిన రోజు నుంచే ఫోటోలు, లెక్క రాసుకోండి, ఇది మేం నాటిన చెట్టు అని చూపించగలగాలి.

మద్ది గురించి. చెట్టు చుట్టూ ఒలిస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, అందుకే ఎండింది. ఒకవైపు మాత్రమే నిలువు పట్టీలాగా, అది కూడా పై బెరడు తీసి లోపలి పొర ముట్టకుండా ఉంటే సుమారు రెండేళ్లలో మళ్లీ కట్టుకుంటుంది. రెండోసారి అవతలి వైపు తీయాలి. అయిదు చెట్లు పోయాక చెప్పడం నాకే కష్టంగా ఉంది. మిగిలిన రెండింటికి కింద బెరడు ఒక చేతి వెడల్పు అయినా మిగిలి ఉందా? ఉంటే వాటిని కాపాడొచ్చు, పుండు మీద మట్టి పేడ కలిపి పూయండి, వేసవిలో నీళ్లు పోయండి. మన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకి చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు, గుర్తుందిగా. ఒక్క చెట్టు కోసం జిల్లా అంతా ఆరాటపడింది. ఊరి మద్దిచెట్టుకి కూడా ఆ మాత్రం హక్కు ఉంది.

ఏగి గ్లాసు మీద ఒక మాట. 1998లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు షుగర్ మీద ఏగి కట్టె పనిచేస్తుందని ట్రయల్ ఫలితం ప్రచురించారు. అది డాక్టర్ల పర్యవేక్షణలో కొలిచి ఇచ్చిన మందు. బజార్లో గ్లాసు కొని ఉన్న మాత్రలు మానేయకండి, మా ఇంట్లోనే ఒకరు అలా ప్రమాదం తెచ్చుకున్నారు.

కొల్లాపూర్_వైద్యం
మా తాత నాటు వైద్యం చేసేటోడు, ఇప్పుడు మా బాబాయి చేస్తడు. మాకు ఏం కావాల్నో చెప్త, మీకు లోకల్ల కొనేటోళ్లు మా అసొంటోళ్లే గదా. దశమూలం అంటే పది వేర్ల మందు, అండ్ల అయిదు చెట్లయి ఉన్నయి, మారేడు, గుమ్మడిటేకు, దుండిలం, కలిగొట్టు, తక్కెల. వీటి వేరు అడుగుతరు, వేరు తవ్వితే చెట్టే పాయె. మారేడు తప్ప మిగిలిన నాలుగు మా చుట్టుపక్కల ఇప్పుడు దొరుకుతలేవు, బాబాయి హైదరాబాద్ నుంచి పొడి తెప్పిస్తడు, అండ్ల ఏమున్నదో దేవునికెరుక. దుండిలం కాయ కత్తి లెక్క పొడుగ్గ ఉంటది, గింజకు పల్చటి తెల్ల రెక్క, అది తేలిగ్గనే మొలుస్తది, తప్పకుంట పెట్టండి.

అశోక చెట్టు గురించి గూడ చెప్పాలె. నర్సరీకి పోయి అశోక అంటే పొడుగ్గ స్తంభం లెక్క పెరిగేది ఇస్తరు, అది నరమామిడి, మందు చెట్టు కాదు. అసలు అశోకకు గుత్తులు గుత్తులు నారింజ రంగు పూలు వస్తయి, అశోకారిష్టం దాని బెరడుతోనే చేయాలె. నరమామిడి బెరడే అశోక బెరడని అమ్ముతున్నరు, ఆడోళ్లు నమ్మి తాగే మందు అది, చాన కోపం వస్తది నాకు. కానీ మన ఎండకు బయట పెడితే అసలు అశోక మాడిపోతది, మామిడితోట నీడల, డ్రిప్పు కాడ పెట్టుకుంటేనే బతికింది మాకు.

చందంపేట_తండా
అక్క మాది నల్లగొండ జిల్లా, డిండి అవతల. చెట్లు మంచియే చెప్పిండ్రు అందరు, మేకల గురించి ఎవ్వరు చెప్పలె. మా తండాల అయిదొందల మేకలు ఉన్నయి, మొక్క బయట కనవడితే తెల్లారెసరికి ఉండదు. మేము గచ్చకాయ ముండ్ల కంచె పెట్టినం, గింజ నానబెట్టి గట్టు పొడుగు ఏస్తే రెండేండ్లకు కోడి గూడ దూరది. గచ్చకాయ మందుకు గూడ పోతది. నడుమ నడుమ వావిలి కొమ్మలు గుచ్చండి, మేకలు నోరు పెట్టవు, నొప్పులకు ఆకు కాగబెట్టుకోవచ్చు. మేకలోళ్లను తిట్టకండి, వాళ్లను గూడ సంఘంల కూసోబెట్టి, మూడేండ్లు ఈ దిక్కు తోలొద్దు, తర్వాత కొమ్మ మీకే అని ఒప్పందం చేసుకోండి. మేము తిట్టి మొదటి ఏడు మొక్కలన్ని పోగొట్టుకున్నం.

గద్వాల_చేను
అందరు చెప్పింది చదివిన. నా మాట వెనక్కి తీస్కుంటున్న అక్కా. మా బావి కాడ 2021ల వేపచెట్లు కొసల నుంచి మాడి ఎండినయి, రాష్ట్రమంత అట్లనే అయింది గదా, ఫోమాప్సిస్ అని బూజు తెగులు, టీ దోమ పురుగు గూడ అని సార్లు చెప్పిండ్రు. చానా మటుకు మళ్ల చిగురు పెట్టినయి గని, ఆ ఏడు మా అవ్వ వేపచెట్టు కింద కూసొని ఏడ్చింది. అడవిబాట అన్న ఒక్క తల్లి పిల్లలు వద్దన్నడు గదా, అది చదివినంక అర్థమైంది.

అడవిబాట
కాయితాల సంగతి మిగిలిపోయింది. పట్టా భూమిల చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా, అంటే నీళ్లు, భూమి, చెట్ల చట్టం కింద పర్మిషన్ ఉండాలె, కట్టె బండికెక్కితే ఫారెస్టు ట్రాన్సిట్ పర్మిట్ అడుగుతరు. అందుకే కాయ, గింజ, బంక, ఆకు మీద ఎక్కువ నడిచే చెట్లు పెట్టుకోండి, కొట్టే పని పడొద్దు.

ఇంకోటి చానామందికి తెల్వదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయితీల జీవవైవిధ్య కమిటీ ఉండాలె, అండ్ల మూడో వంతు ఆడోళ్లు ఉండాలె. మీ ఊర్ల కాయితం మీద ఉండే ఉంటది, సెక్రటరీని పేర్లు చదివి ఇనిపియ్యమనండి. బేరగాడు వచ్చి బెరడు కొంటనన్నప్పుడు ఆ కమిటీ ఫీజు అడగొచ్చు, సెక్షన్ 41ల ఉన్నది. ఊరి చెట్ల లెక్క పుస్తకం రాసేది గూడ ఆ కమిటీయే. 2023ల చట్టం మార్చిండ్రు, పెంచిన ఔషధ మొక్కలకు ఇవి ఇక్కడ పెంచినవే అని ఆ కమిటీ సర్టిఫికెట్ ఇయ్యొచ్చు. బాటనీ మేడం ఫోటోలు తీసుకోమన్నది గదా, ఆ ఫోటోలకు ఈ సర్టిఫికెట్ తోడైతే మీకు రేపు తిప్పలు ఉండది. పెంట తమ్మీ, మీకు అటవీ హక్కుల చట్టం 2006 కింద చిన్న అటవీ ఫలసాయం మీద సొంత హక్కే ఉన్నది, సామూహిక హక్కు పత్రం వచ్చిందా లేదా కనుక్కో.

పెంట_పిలగాడు
ఇంటింటికి పట్టాలు కొందరికి వచ్చినయి సారు, సామూహికం మాది రాలె. అడుగుతనే ఉన్నం.

బల్మూరు_బిడ్డ
ఐదు నెలల తర్వాత రాస్తున్న, ఏమనుకోకండి. చెప్పుడు కంటే చేసి చెప్పాలనిపిచ్చింది.

పెద్దేగి కాయలు మొత్తం 400 తెచ్చినం, మన్ననూరు దిక్కు మా మేనత్త ఊరోళ్లు ఏరి ఇచ్చిండ్రు, పద్నాలుగు చెట్ల కింద. అండ్ల 96 మొలిచినయి, ఇప్పుడు జానెడు ఉన్నయి. తాని 150 దాక అయినయి, కరక 11 మొక్కలే. దుండిలం గింజలు కొల్లాపూర్ తమ్ముడు బయటికెల్లి తెప్పిచ్చి కొరియర్ల పంపిండు, మంచిగున్నయి. కందులు చల్లినం, గచ్చకాయ గింజలు గట్టు పొడుగు ఏసినం. మేకలోళ్లు ముగ్గురు మొదాలు ఒప్పుకోలె, చందంపేట అక్క చెప్పినట్టు కూసోబెట్టినంక గుట్ట కింద జాగ మూడేండ్లు ఇడిసిపెడ్తమన్నరు, వాగు దిక్కు తోవ వాళ్లకు ఇడిసినం.

మద్దిచెట్లు రెండిట్ల ఒకటి పోయింది. ఇంకోటి బతికింది, కింద నాలుగు వేళ్ల వెడల్పు బెరడు ఉండె. మట్టి, పేడ పూసి ఎండకాలమంత బిందెలతోని పోసినం. రోజు పొద్దుగాల ఫస్టు బిందె తెచ్చేది ఎవరో తెల్సా, ఒలిచినోళ్ల ఇండ్ల ఆడోళ్లే. వాళ్లను ఎవ్వరం ఏమనలె. దానికి ఇప్పుడు చిగురొచ్చింది.

కమిటీ సంగతి, సెక్రటరీ సారు పుస్తకం తీసి చదివితే అండ్ల మా అత్త పేరు ఉన్నది, ఆమెకే తెల్వదు! ఇప్పుడు మీటింగు పెట్టి తీర్మానం రాసినం, చుట్టూత ఒలిచే బేరం ఊర్ల ఎవ్వరు చేయొద్దు, బేరగాడు వస్తే ముందర కమిటీ కాడికి రావాలె అని. కొనేటోళ్ల సంగతి ఇంకా తేలలె. జీసీసీ డిపోకు పోతే మేము గిరిజనులం కాదు గనుక చెంచు సంఘాలతోని కలిసి రమ్మన్నరు. పెంట తమ్మీ, దాని గురించి నీతోని మాట్లాడాలె.

శనివారం పంచాయితీ గుట్ట మీద తపసి విత్తనం ఏస్తున్నం. వాన పడ్డది, బండల సందుల మట్టి పదును మీద ఉన్నది. గింజలు ఇంకా కాయల్లనే ఉన్నయి, నూగుకు భయపడి ఎవరు ముట్టలె. అచ్చంపేట దిక్కు ఎవరన్న ఉంటే పొద్దున ఆరింటికి వాగు కాడికి రండి. సద్ది మేము తెస్తం, చేతులకు గుడ్డలు మీరే తెచ్చుకోవాలె.

పెంట_పిలగాడు
ముగ్గురం వస్తున్నం అక్క. కాయలు మీరు ముట్టకండి, మేము వచ్చి తీస్తం.